ఇంటి రౌటర్ చిరునామాలు పంచుతున్నదా: నిర్ధారణ పద్ధతుల సమీక్ష

ఇంట్లోని రౌటర్ తనకు అనుసంధానమైన ఫోన్లకు, కంప్యూటర్లకు, టీవీలకు నెట్‌వర్క్ చిరునామాలను దానంతట అదే ఇస్తున్నదా లేదా అన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానం, రౌటర్ సెట్టింగుల పేజీ తెరిచి అందులో డీహెచ్‌సీపీ అన్న మీట ఆన్‌లో ఉన్నదేమో చూడమని. ఈ సలహాలో తప్పు లేదు గాని, దాని మీదనే ఆధారపడి తేల్చిన నిర్ణయాలు తరచుగా తలకిందులవుతుంటాయి. మీట ఆన్‌లో ఉన్నా చిరునామాలు అందకపోవడం, ఆఫ్ చేసిన తరువాత కూడా గంటల తరబడి ఇల్లంతా యథాప్రకారం పనిచేయడం, రెండూ మామూలుగా జరిగేవే. పైకి ఒక్కటిగా కనిపించే ఈ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి: రౌటర్‌లో పంపిణీ సర్వర్ నడుస్తున్నదా, పరికరం చిరునామా కోసం అడుగుతున్నదా, వచ్చిన చిరునామా ఆ రౌటర్ ఇచ్చినదేనా. వాడుకలో ఉన్న నిర్ధారణ పద్ధతుల్లో చాలావరకు మొదటి రెండింటిలో ఏదో ఒకదానికి జవాబు చెప్పి, మూడింటికీ చెప్పినట్టు భావిస్తాయి. మూడవదానికి ఆధారం ఒక్కచోటే దొరుకుతుంది. అది పరికరం చేతికి వచ్చిన లీజు, అందులో నమోదై ఉండే సర్వర్ గుర్తింపు.

నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరానికీ కనీసం నాలుగు వివరాలు కావాలి: తన చిరునామా, ఆ చిరునామాలో ఎంత భాగం స్థానిక నెట్‌వర్క్‌ను సూచిస్తుందో చెప్పే సబ్‌నెట్ మాస్క్, బయటి ప్రపంచానికి దారి చూపే గేట్‌వే, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్. మొదట్లో వీటిని ప్రతి యంత్రంలోనూ మనిషే చేత్తో నింపేవాడు. 1984 జూన్‌లో వెలువడిన రార్ప్ అనే పద్ధతి యంత్రానికి దాని చిరునామాను మాత్రం తెలపగలిగింది గాని, మిగిలిన వివరాల ఊసు దానికి లేదు. 1985 సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ రూపొందించిన బూట్‌పీ పద్ధతి మరి కొంత ముందుకు వెళ్లి, డిస్కు లేని కంప్యూటర్లకు చిరునామాతో పాటు అవి మొదలు కావడానికి కావలసిన ఫైలు పేరును కూడా అందించింది. అయితే ఏ యంత్రానికి ఏ చిరునామా అన్న పట్టికను నిర్వాహకుడే ముందుగా రాసిపెట్టాలి, ఒకసారి రాసిన చిరునామాను తిరిగి తీసుకొనే ఏర్పాటు ఆ పద్ధతిలో లేదు. ఈ లోటును పూరించినది డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్, అంటే డీహెచ్‌సీపీ. 1993 అక్టోబరులో తొలి రూపం పొంది, బక్‌నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రామ్స్ సంకలనంలో 1997 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 2131గా స్థిరపడిన ఈ ప్రమాణమే నేటికీ ఇళ్లలోని రౌటర్లన్నింటిలోనూ పనిచేస్తున్నది. బూట్‌పీ ప్యాకెట్ ఆకృతినీ, సర్వర్‌కు 67, క్లయింటుకు 68 అన్న పోర్టు సంఖ్యలనూ అది అలాగే ఉంచుకొన్నది. ప్యాకెట్లను పరిశీలించే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో 2019లో 3.0 వెర్షన్ వచ్చేదాకా డీహెచ్‌సీపీని వెతకాలంటే బూట్‌పీ అని టైపు చేయవలసి రావడానికి కారణం ఈ వారసత్వమే.

పంపిణీ జరిగే తీరు తెలియకుండా ఏ ఆధారానికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చడం కష్టం. కొత్తగా చేరిన పరికరానికి తనదంటూ చిరునామా ఉండదు, సర్వర్ ఎక్కడున్నదో కూడా దానికి తెలియదు. అందువల్ల అది 0.0.0.0 అన్న శూన్య చిరునామా నుంచి 255.255.255.255 అన్న సర్వజన చిరునామాకు డిస్కవర్ అనే సందేశం పంపి, చిరునామా ఇవ్వగలవారెవరని అడుగుతుంది. విన్న సర్వర్లు ఎన్ని ఉంటే అన్నీ తలా ఒక చిరునామాను ప్రతిపాదిస్తూ ఆఫర్ పంపుతాయి. పరికరం వాటిలో ఒకదాన్ని, సాధారణంగా ముందు చేరినదాన్ని, ఎంచుకొని రిక్వెస్ట్ పంపుతుంది. ఆ రిక్వెస్ట్ కూడా అందరికీ వినబడేలా వెలువడడం వల్ల తక్కిన సర్వర్లు తమ ప్రతిపాదన చెల్లలేదని గ్రహించి, పక్కన పెట్టిన చిరునామాను వెనక్కు తీసుకొంటాయి. ఎంపికైన సర్వర్ ఎకనాలెడ్జ్‌మెంట్ పంపడంతో వ్యవహారం పూర్తవుతుంది. ఈ సందేశాలలోని ప్రతి వివరానికీ ఒక ఆప్షన్ సంఖ్య ఉంటుంది: సబ్‌నెట్ మాస్క్‌కు 1, గేట్‌వేకు 3, డీఎన్ఎస్‌కు 6, గడువుకు 51, ఇచ్చిన సర్వర్ గుర్తింపుకు 54. ఈ చివరి సంఖ్యే ప్రస్తుత సమీక్షకు కేంద్రం.

చిరునామా శాశ్వతంగా దక్కేది కాదు; అద్దె ఇంటిలాగా గడువు మీద దక్కుతుంది, దానినే లీజు అంటారు. గడువు 24 గంటలైతే, సగం కాలం గడిచిన 12వ గంటకు పరికరం తనకు చిరునామా ఇచ్చిన సర్వర్‌నే నేరుగా పలకరించి పొడిగించమని కోరుతుంది. జవాబు రాకపోతే ఎనిమిదింట ఏడు వంతులు గడిచిన 21వ గంటకు మళ్లీ అందరికీ వినబడేలా అడిగి, అందుబాటులో ఉన్న ఏ సర్వర్ పొడిగించినా అంగీకరిస్తుంది. ఆ ప్రయత్నమూ ఫలించక 24వ గంట దాటితేనే చిరునామాను వదులుకొంటుంది. రౌటర్‌లో మీట ఆపిన సాయంత్రం ఇంట్లో ఎవరికీ ఏ తేడా తెలియకపోవడానికీ, మరునాడు ఒక్కొక్క పరికరం ఒక్కొక్క వేళకు తెగిపోవడానికీ ఈ లెక్కే కారణం. సర్వర్ పలకని స్థితిలో, ఇంకా గడువున్న పాత లీజు గల విండోస్ యంత్రం గేట్‌వేను పింగ్ చేసి చూస్తుంది, అది స్పందిస్తే పాత చిరునామాతోనే కొనసాగుతుంది. ఇంటి రౌటర్ విషయంలో గేట్‌వే ఎప్పుడూ స్పందిస్తూనే ఉంటుంది కనుక, పంపిణీ ఆగిపోయిన సంగతి ఆ యంత్రం మీద వెంటనే బయటపడదు.

ఈ నేపథ్యంలో పరికరం వైపు నుంచి చూపే ఆధారాలను ముందుగా పరిశీలిస్తే, వాటిలో అత్యంత ప్రచారంలో ఉన్నదే అత్యంత బలహీనమైనదని తేలుతుంది. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ ఆదేశానికి ఆల్ అన్న మాట చేర్చి నడిపితే డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్, ఎస్ అన్న పంక్తి కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై వివరాల కింద ఐపీ సెట్టింగ్స్ అన్నచోట డీహెచ్‌సీపీ లేదా స్టాటిక్ అని, ఐఫోన్‌లో కాన్ఫిగర్ ఐపీ అన్నచోట ఆటోమేటిక్ లేదా మాన్యువల్ అని ఉంటుంది. వీటిలో ఏదీ రౌటర్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. పరికరం అడగడానికి సిద్ధంగా ఉన్నదన్న సంగతి ఒక్కటే అవి తెలుపుతాయి. అడిగితే ఇచ్చేవారున్నారా అన్నది వేరే విషయం. రౌటర్‌కు తీగ తీసివేసిన కంప్యూటర్‌లో కూడా ఆ పంక్తి ఎస్ అనే చూపుతుంది. చదువరి సులభంగా పోల్చుకోగల ఈ తేడాను సహాయక పుస్తకాలు, కస్టమర్ కేర్ సంభాషణలు ఇంతకాలంగా పట్టించుకోకపోవడం ఆశ్చర్యమే.

రౌటర్ వైపు ఆధారాలలోనూ ఇటువంటి తికమక ఒకటుంది. రౌటర్‌కు రెండు ముఖాలుంటాయి. ఇంటి వైపున్న లాన్ ముఖంలో అది చిరునామాలు ఇచ్చే సర్వర్. బయటి వైపున్న వాన్ ముఖంలో అది ఇంటర్నెట్ సంస్థను చిరునామా అడిగే క్లయింటు. వాన్ పేజీలో డైనమిక్ ఐపీ, పీపీపీఓఈ, స్టాటిక్ అని కనిపించే ఎంపికలకు ఇంట్లో జరిగే పంపిణీతో సంబంధం లేదు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్లలో బయటి చిరునామా అసలు డీహెచ్‌సీపీ ద్వారా రాదు, పీపీపీ ప్రోటోకాల్‌లోని బేరసారాల్లోనే అది నిర్ణయమవుతుంది. అయినా లోపల డీహెచ్‌సీపీ సర్వర్ నిక్షేపంగా నడుస్తుంది. కనుక చూడవలసినది లాన్ విభాగం, అందులోని మీట, దాని పక్కనే ఉండే చిరునామాల శ్రేణి. ఆ పేజీని చేరడానికి బ్రౌజర్‌లో కొట్టే 192.168.1.1, 192.168.0.1, జియో ఫైబర్ గేట్‌వేలలో కనిపించే 192.168.29.1 మొదలైనవన్నీ 1996 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 1918 ప్రైవేటు వాడకానికి కేటాయించిన శ్రేణులలోనివి. వాన్ ముఖంలో 100.64 నుంచి 100.127 దాకా మొదలయ్యే చిరునామా కనిపిస్తే, అది 2012లో ఇంటర్నెట్ సంస్థల ఉమ్మడి అనువాద వ్యవస్థ కోసం కేటాయించిన శ్రేణి. దానినీ ఇంటి పంపిణీకి సంబంధించిన గుర్తుగా పొరబడరాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో ఈ ప్రశ్న మరింత చిక్కుపడే సందర్భం రెండు పెట్టెల అమరిక. ఫైబర్ కనెక్షన్ ఇచ్చేవారు, అది ఏపీ ఫైబర్‌నెట్ అయినా స్థానిక కేబుల్ ఆపరేటర్ అయినా, గోడకు బిగించే ఓఎన్‌టీ అనే పెట్టె కాంతి సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం. వాటిలో చాలావాటిలో వైఫై, రౌటర్, డీహెచ్‌సీపీ సర్వర్ కూడా ఇమిడి ఉంటాయి. పై అంతస్తుకు సిగ్నల్ అందలేదని ఇంటివారు బజారు నుంచి మరో రౌటర్ తెచ్చి దానికి తగిలిస్తారు. తీగను కొత్త రౌటర్ వాన్ పోర్టులో పెడితే ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఏర్పడి, ప్రతిదానికీ తన సర్వర్ ఉంటుంది. కింది అంతస్తులోని ప్రింటర్ పై అంతస్తులోని ల్యాప్‌టాప్‌కు కనిపించకపోవడం దీని సాధారణ ఫలితం. అదే తీగను లాన్ పోర్టులో పెట్టి, కొత్త రౌటర్‌లో డీహెచ్‌సీపీని ఆపకపోతే, ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు పంపిణీదారులు తయారవుతారు. అప్పుడు ఏ పరికరానికి ఎవరి ఆఫర్ ముందు చేరుతుందో దానినిబట్టి గేట్‌వే మారిపోతుంది. బయటికి దారి లేని రౌటర్‌ను గేట్‌వేగా పొందిన ఫోన్‌కు వైఫై గుర్తు నిండుగా ఉంటుంది గాని ఇంటర్నెట్ రాదు, ఆపి మళ్లీ కలిపితే ఒక్కోసారి వస్తుంది. ఈ లోపానికి రౌటర్ చెడిపోయిందన్న తీర్పు చెప్పి కొత్తది కొనిపించడం మామూలైపోయింది. సరైన పరిష్కారం రెండవ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతికి మార్చడం. ఆ పద్ధతిలో దాని పంపిణీ సర్వర్ ఆగిపోతుంది. అంటే రౌటర్ చిరునామాలు పంచుతున్నదా అన్న ప్రశ్నకు అక్కడ లేదు అన్న సమాధానమే ఆరోగ్యకరమైన స్థితి.

ఇటువంటి ఇళ్లలో రెండు పెట్టెల మీటలనూ చూసినంత మాత్రాన ఏది ఏ పరికరానికి ఇచ్చిందో తెలియదు. అది లీజే చెప్పాలి. విండోస్‌లో పైన చెప్పిన ఆదేశమే, ఎనేబుల్డ్ పంక్తికి కొంచెం కింద, డీహెచ్‌సీపీ సర్వర్, లీజ్ అబ్టెయిన్డ్, లీజ్ ఎక్స్‌పైర్స్ అన్న మూడు పంక్తులను చూపుతుంది. సర్వర్ పంక్తిలోని అంకెలు రౌటర్ లాన్ చిరునామాతో సరిపోలి, లీజు పొందిన సమయం ఇటీవలిదైతే, పంపిణీ రౌటర్ నుంచే జరిగిందని నిస్సందేహంగా చెప్పవచ్చు. మ్యాక్‌లో ఐపీకాన్ఫిగ్ ఆదేశానికి గెట్‌ప్యాకెట్ అన్న మాటను, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరును చేర్చితే చివరిగా అందిన ప్యాకెట్‌లోని ఆప్షన్లన్నీ, 54వ ఆప్షన్‌తో సహా, విడివిడిగా కనిపిస్తాయి. లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ వాడుతున్న చోట ఎన్ఎంసీఎల్ఐ ఆదేశం ఇదే సమాచారాన్ని ఇస్తుంది. ఫోన్లు ఈ విషయంలో పిసినారులు; అవి సాధారణంగా చిరునామాను, గేట్‌వేను చూపి ఊరుకొంటాయి. గేట్‌వే, సర్వర్ ఒక్కటే కావడం ఇళ్లలో సర్వసాధారణమే గాని తప్పనిసరి కాదు. ప్రకటనలను అడ్డుకొనే పై-హోల్ వంటి సాఫ్ట్‌వేర్‌ను చిన్న కంప్యూటర్‌లో పెట్టుకొని, చిరునామాల పంపిణీని కూడా దానికే అప్పగించిన ఇంట్లో గేట్‌వే రౌటర్ అవుతుంది, సర్వర్ మాత్రం ఆ చిన్న కంప్యూటర్ అవుతుంది.

రౌటర్ పేజీలోని క్లయింటుల జాబితాను అదనపు సాక్ష్యంగా వాడవచ్చు. పరికరపు హార్డ్‌వేర్ సంఖ్య అయిన మ్యాక్ అడ్రస్ ఆ జాబితాలో ఉండి, దాని పక్కన మిగిలిన గడువు తగ్గుతూ కనిపిస్తే ఆధారం బలపడుతుంది. కొన్ని రౌటర్లు చేత్తో చిరునామా పెట్టుకొన్న పరికరాలను కూడా అదే జాబితాలో చేరుస్తాయి కనుక, గడువు లేని పేరుకు విలువ తక్కువ. ఆ జాబితాను తాత్కాలిక మెమరీలోనే దాచుకొనే రకాలు, తిరిగి మొదలైనప్పుడు పాత లీజులను మరచిపోతాయి; అప్పుడు వాడుకలో ఉన్న చిరునామానే మరో పరికరానికి ఇచ్చి ఘర్షణ తెచ్చే వీలుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సాఫ్ట్‌వేర్ మీద నడిచే రౌటర్లలో సాధారణ స్థితి ఇదే. అందులో పంపిణీ పని చేసే డీఎన్ఎస్‌మాస్క్ అనే కార్యక్రమం, సైమన్ కెల్లీ రాసినది, కొత్త చిరునామా ప్రతిపాదించే ముందు ఆ అంకెకు పింగ్ పంపి ఎవరైనా వాడుతున్నారేమో చూసుకొంటుంది గనుక ఘర్షణ చాలావరకు తప్పుతుంది.

ఘర్షణకు మరో మూలం సీసీ కెమెరాల రికార్డర్లు. 192.168.1.108 వంటి స్థిర చిరునామాతో కంపెనీ నుంచే వచ్చే రికార్డర్లున్నాయి. రౌటర్ తన శ్రేణిని 100 దగ్గర మొదలుపెడితే, రికార్డర్ కరెంటు లేక ఆగి ఉన్న సమయంలో 108 ఏ ఫోన్‌కో వెళ్లిపోవచ్చు. స్థిర చిరునామాలను శ్రేణికి వెలుపల ఉంచడం, లేదా రౌటర్‌లోనే మ్యాక్ అడ్రస్‌కు ముడిపెట్టి రిజర్వ్ చేయడం దీనికి మార్గాలు. రెండవది మేలు, ఎందుకంటే అప్పుడు ఏ చిరునామా ఎవరిదో ఒక్కచోటే రాసి ఉంటుంది.

వ్యతిరేక ఆధారాలలో పేరు పొందినది 169.254తో మొదలయ్యే చిరునామా. సర్వర్ నుంచి జవాబు రాకపోతే పరికరం ఆ శ్రేణిలో ఒక అంకెను తనకు తానే ఎంచుకొనే ఏర్పాటు విండోస్ 98తో జనంలోకి వచ్చి, 2005 మేలో ఆర్ఎఫ్‌సీ 3927గా ప్రమాణమైంది. ఈ అంకె కనబడగానే రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆగిపోయిందని తేల్చివేయడం పరిపాటి. వాస్తవానికి అది చెప్పేది జవాబు వినబడలేదన్న సంగతి మాత్రమే. తీగ వదులుగా ఉండడం, మధ్యలోని స్విచ్ పాడవడం, రౌటర్ శ్రేణిలో చిరునామాలు అయిపోవడం, వీటన్నింటి ఫలితమూ అదే అంకె. ఆండ్రాయిడ్ ఫోన్ల ప్రవర్తన వేరు. అవి ఐపీ అడ్రస్ పొందుతున్నట్టు కాసేపు చూపి, దొరకకపోతే కనెక్షన్‌నే వదిలేస్తాయి. చిరునామాలు అయిపోవడం ఇళ్లలో అరుదు. శ్రేణి 100 నుంచి 199 వరకు ఉంటే నూరు పరికరాలకు చోటుంటుంది. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 మొదలుకొని ఫోన్లు యాదృచ్ఛిక మ్యాక్ అడ్రసులు వాడుతుండడం వల్ల శ్రేణి హరించుకుపోతుందన్న భయం ఇంటి విషయంలో అతిశయోక్తి, ఎందుకంటే అవి సాధారణంగా ఒక నెట్‌వర్క్‌కు ఒకే అడ్రస్‌ను నిలుపుకొంటాయి. ఒకే రౌటర్ మీద పదుల మంది వచ్చిపోయే అమీర్‌పేట తరహా హాస్టల్‌లోనో, ఫంక్షన్ హాలులోనో మాత్రం అదొక సమస్యే; అక్కడ లీజు గడువును గంటకు కుదించడం వల్ల ప్రయోజనం ఉంటుంది.

పాత లీజుల జడత్వాన్ని దాటి నేరుగా సర్వర్‌ను పరీక్షించడానికి రెండు దారులున్నాయి. సులభమైనది ఉన్న లీజును వదిలించి మళ్లీ అడిగించడం. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్‌కు రిలీజ్, తరువాత రెన్యూ అన్న మాటలు చేర్చి నడపడం, మ్యాక్‌లో రెన్యూ డీహెచ్‌సీపీ లీజ్ అన్న బటన్ నొక్కడం ఈ కోవలోవి. ఈ దారిలో ఎంపికైన ఒక్క సర్వరే తెలుస్తుంది, మౌనంగా ఓడిపోయిన రెండవ సర్వర్ తెలియదు. ఇద్దరు పంపిణీదారులున్నారన్న అనుమానం ఉన్నచోట ఎన్‌మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లోని డీహెచ్‌సీపీ డిస్కవర్ స్క్రిప్ట్ ఎక్కువ ఉపయోగపడుతుంది. అది డిస్కవర్ పంపి, వచ్చిన ఆఫర్లను సర్వర్ గుర్తింపులతో సహా చూపించి, ఏ చిరునామానూ స్వీకరించకుండా వెనుదిరుగుతుంది. శ్రేణి ఖర్చు కాకుండా ప్రతిసారీ ఒకే కల్పిత మ్యాక్ అడ్రస్‌ను వాడడం దాని రచయితల ముందుచూపు. వైర్‌షార్క్‌తో 67, 68 పోర్టుల రాకపోకలను గమనించడం కూడా ఇంతే నమ్మదగినది గాని, అందులో సొంత పరికరానికి వచ్చిన ఆఫర్లు పూర్తిగా కనబడినట్టు ఇతరులకు నేరుగా వెళ్లినవి కనబడవు. ఇతరుల డిస్కవర్ ప్యాకెట్లు కనిపించి ఆఫర్లు కనిపించనంత మాత్రాన సర్వర్ చచ్చిపోయిందనుకోరాదు.

సర్వర్ గుర్తింపు ఇంత ముఖ్యమైన ఆధారమైనా దానిని ఎవరూ ధ్రువీకరించరన్నది ఈ వ్యవస్థలోని పాత బలహీనత. 2001లో ఆర్ఎఫ్‌సీ 3118 ఒక ధ్రువీకరణ పద్ధతిని ప్రతిపాదించినా అది ఆచరణలో నిలదొక్కుకోలేదు. ఆఫీసు స్విచ్‌లలో నకిలీ ఆఫర్లను అడ్డుకొనే స్నూపింగ్ సదుపాయం ఉన్నా, ఇంటి పరికరాలలో అది కానరాదు. 2024 మేలో టన్నెల్‌విజన్ పేరుతో బయటపడిన దాడి, అదనపు దారులను తెలిపే 121వ ఆప్షన్‌ను వాడుకొని వీపీఎన్ గుండా పోవలసిన రాకపోకలను పక్కదారి పట్టించవచ్చని నిరూపించింది. ఆ ఆప్షన్‌ను పట్టించుకోని ఆండ్రాయిడ్ దాని బారిన పడలేదు. సొంత ఇంట్లో ఈ ముప్పు స్వల్పం, ఊరు తెలియని లాడ్జి వైఫైలో స్వల్పం కాదు.

ఇప్పటివరకు చెప్పినదంతా ఐపీవీ4 అనే పాత తరం చిరునామాలకు వర్తిస్తుంది. కొత్త తరమైన ఐపీవీ6లో రౌటర్ పాత్రే వేరు. అది రౌటర్ ఎడ్వర్టైజ్‌మెంట్ అనే ప్రకటన ద్వారా నెట్‌వర్క్ ముందుభాగాన్ని తెలియజేస్తే, మిగిలిన భాగాన్ని పరికరం తానే కూర్చుకొంటుంది. 2007లో ఆర్ఎఫ్‌సీ 4862 రూపంలో స్థిరపడిన ఈ పద్ధతిలో లీజు పట్టిక లేదు, సర్వర్ గుర్తింపూ లేదు. 2003లో ప్రమాణమై 2018లో ఆర్ఎఫ్‌సీ 8415గా సవరించిన డీహెచ్‌సీపీవీ6 కూడా ఉన్నది, 546, 547 పోర్టుల మీద నడుస్తుంది. అయితే ఆండ్రాయిడ్ చిరకాలం దాని ద్వారా చిరునామా కోరకపోవడం వల్ల ఒకే ఇంట్లో ల్యాప్‌టాప్‌కు రెండు విధాలా చిరునామాలుండి, ఫోన్‌కు ఒకే విధంగా ఉండవచ్చు. ఎఫ్ఈ80తో మొదలయ్యే చిరునామా ప్రతి పరికరంలోనూ ఎప్పుడూ ఉంటుంది, దానిని 169.254 లాంటి లోప సూచికగా చదవడం పొరపాటు. ఐపీవీ4 పంపిణీ ఆగిపోయిన ఇంట్లో కూడా ఐపీవీ6 ద్వారా అందే పెద్ద సైట్లు కొన్ని తెరుచుకొంటూనే ఉంటాయి. పెద్ద సైట్లు తెరుచుకొంటూ, చిన్న సైట్లు మాత్రం తెరుచుకోకుండా ఉన్న ఇంట్లో, సైట్ల సంగతి పక్కనపెట్టి, పరికరపు ఐపీవీ4 పంక్తిలో చిరునామా ఉన్నదా, దాని లీజులో సర్వర్‌గా ఎవరి అంకె ఉన్నది అన్న రెండింటినీ ముందు చూడవలసి ఉంటుంది.